దొడ్లో ఆలిగేటర్లు గుడ్లెందుకు పెట్టలేదు?

అమెరికాలోని లూసియానా దక్షిణ తీరమంతా చిత్తడి నేల, ఆలిగేటర్ మొసళ్ల పుట్టిల్లు. తోళ్ల కోసం విచ్చలవిడిగా చంపడంతో అవి తరిగిపోయి, 1962లో ఆ రాష్ట్రం వేటను ఆపేసింది. అక్కడి రాక్‌ఫెల్లర్ వన్యప్రాణి సంరక్షణ కేంద్రంలో టెడ్ జోనెన్, లారీ మెక్‌నీస్ వాటిని దొడ్లలో పెంచి గుడ్లు పెట్టించే పనికి పూనుకున్నారు. తిండికీ నీటికీ కొరత లేదు. అయినా బయటి ఆడ మొసళ్లతో పోలిస్తే, దొడ్లోవాటిలో గూడు కట్టినవి బాగా తక్కువ.

ఈ చిక్కుకు దారి చూపగల సూచన 1936లోనే ఉంది. మాంట్రియల్‌లో శాస్త్రవేత్త హన్స్ సెల్యే ఎలుకలను రకరకాల బాధలకు గురిచేస్తే, బాధ ఏదైనా శరీరం ఒకేలా స్పందించింది. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, కడుపులో పుండ్లు పడ్డాయి, రోగనిరోధక కణాలు పరిపక్వమయ్యే థైమస్ కుంచించుకుపోయింది. మరి మొసలి సంగతి? మురికినీటిలో కాలు తెగినా చీము పట్టకుండా మానిపోయే జీవి అది. దాన్ని కూడా ఇలాంటి ఒత్తిడి లొంగదీస్తుందా?

తెలుసుకోవాలంటే నెత్తురు తీసి హార్మోన్లు కొలవాలి. చిక్కంతా అక్కడే. ఉచ్చు బిగిసిన క్షణం నుంచే మొసలికి ఒత్తిడి మొదలవుతుంది. పరిశోధకులు వాలెంటైన్ లాన్స్, రూత్ ఎల్సీ ఆ అడ్డంకినే పరీక్షగా మలచుకున్నారు. ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. పట్టిన మగ మొసలిని కట్టి ఉంచి, వెంటనే ఒకసారి, ఆపైన గంటల తరబడి మళ్లీ మళ్లీ నెత్తురు తీశారు. అడ్రినల్ గ్రంథి వదిలే కార్టికోస్టెరాన్ పెరిగింది, మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ పడిపోయింది. 1986లో ఈ ఫలితం అచ్చయింది. తర్వాత ఆడవాటిలోనూ ఆడ హార్మోన్ ఈస్ట్రడయోల్ అలాగే తగ్గిందని తేలింది.

1990లో లాన్స్, ఎల్సీ, జోనెన్, మెక్‌నీస్‌లతో కలిసి దొడ్ల లెక్క తీశారు. కిక్కిరిసిన దొడ్లో కార్టికోస్టెరాన్ ఎక్కువ, గూళ్లు తక్కువ. పిల్ల మొసళ్లలోనూ ఇరుకు పెరిగేకొద్దీ ఎదుగుదల మందగించింది.

అయినా ఒక అనుమానం మిగిలింది. ఇరుకులో తిండికి పోటీ ఉంటుంది, కొట్లాటలూ ఉంటాయి. నష్టం చేసింది హార్మోనో, అవో? 1997లో లీసా మొరిసీ, ఎల్సీ, లాన్స్ కార్టికోస్టెరాన్‌ను కొద్దికొద్దిగా వదిలే గుళికలను పిల్ల మొసళ్ల చర్మం కింద పెట్టి చూశారు. ఎదుగుదల కుంటుపడింది. వ్యాధులతో పోరాడే లింఫోసైట్లు తగ్గాయి, అవి నిండుగా ఉండాల్సిన ప్లీహం వెలితిపడింది. అంటే తిండి పోటీ, కొట్లాటలతో పని లేకుండానే హార్మోన్ ఒక్కటే ఆ పని చేయగలదు. ఆపద నుంచి తప్పించుకోవడానికి కండరాలకు చక్కెర అందించే రసాయనమే, నెలల తరబడి తగ్గకుండా ఉంటే రక్షణ సైన్యాన్ని కరిగిస్తుంది.

2005 సెప్టెంబరులో రీటా తుఫాను దాదాపు 4 మీటర్ల ఉప్పునీటి ఉప్పెనతో లూసియానా తీరాన్ని ముంచింది. ఆలిగేటర్‌కు ఒంట్లోని ఉప్పును బయటికి నెట్టే గ్రంథులు లేవు. నెల తిరగకముందే ఆ తీరంలోని హాలీ బీచ్‌లో మిగిలిన మొసళ్ల నెత్తురు పరీక్షిస్తే లవణ సాంద్రత, కార్టికోస్టెరాన్ రెండూ పెరిగి ఉన్నాయి. ఆ చిత్తడిలో దొడ్డి లేదు, ఇరుకు లేదు, అయినా నెత్తురులో కనిపించింది అదే హార్మోన్.