కుమ్మరి పురుగు చేసిన పని

నెగడు కాస్త ఎగదొయ్యండిరా, చలి కొరికేస్తోంది. ఇందాక మీ బాబాయి తన బండి వేడెక్కితే ఆగిపోతోందన్నాడే, నాకు మా పాత లాంచీ గుర్తొచ్చింది.

86 వరదల ఏడాది. ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదారి 75 అడుగులు దాటేసింది. మా లాంచీని రేవు చెట్లకి మోకులేసి కట్టేసి, ఏరు తీశాక కార్తీకంలో మళ్లీ బయటికి తీశాం. లారీలోంచి దింపిన ఆరు సిలిండర్ల డీజిలింజను. నేనే సరంగుని.

పోలవరంలో ట్యాంకు నిండా డీజిలు పోయించి ఏటికెదురు బయల్దేరాం. గంట తిరక్కుండానే, గండిపోచమ్మ గుడి దగ్గర, ఇంజను రెండుసార్లు ఆయాసపడి ఆగిపోయింది. లంగరేశాం. అమ్మవారికి కొబ్బరికాయ కొట్టకుండా వచ్చేశారని ఎక్కినవాళ్లంతా నన్నే తిట్టారు. ఇరవై నిమిషాలాగి కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. మళ్లీ కాసేపటికి అదే తంతు.

వేడెక్కిందనే అనుకున్నాం, ఎవరైనా అదే అనుకుంటారు. మా ఇంజనుకి గోదారి నీళ్లే చలవ. పంపు తోడి ఇంజను చుట్టూ తిప్పి పక్క గొట్టంలోంచి బయటికి పోస్తుంది. ఆ ధార కింద చెయ్యి పెడితే చెయ్యి ఓర్చుకుంది. అంటే మితిమీరి వేడెక్కలేదు. అయినా నీళ్ల జాలీ విప్పి ఒండ్రు కడిగాం, డీజిలు ఫిల్టర్లు మార్చాం, గాలి పట్టిందేమోనని నట్టు వదులు చేసి బుడగలు పోయేదాకా చేత్తో పంపు కొట్టాం. లాభం లేదు.

రాజమండ్రి మేస్త్రీ వచ్చి డీజిలు పంపు అరిగిపోయిందన్నాడు. వేడికి డీజిలు పల్చబడి లోపల్లోపలే జారిపోతోందట. తడి గోనెపట్టా కప్పి చల్లారాక కొట్టమన్నాడు. కప్పాను. స్టార్టయింది! ఇంకేముంది, మేస్త్రీ మాటే నిజమైపోయింది. లాంచీ షావుకారు కొత్త పంపుకి అప్పుకోసం తిరగడం మొదలెట్టాడు. గోనె కప్పకుండా ఊరికే ఇరవై నిమిషాలు కూర్చున్నా స్టార్టయ్యేదని ఒక్కడికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, సరంగునని మీసం మెలేసేవాణ్ణి.

ఇంకో సంగతి కూడా కళ్లముందే ఉంది. ట్యాంకు నిండుగా ఉన్నరోజున తొందరగా ఆగేది, సగమున్నరోజున చాలాదూరం లాగేది. వేడి జబ్బయితే డీజిలు లెక్కతో దానికేం పని?

ఆఖరికి పాపికొండల ఇరుకులోకి వెళ్లాక, కొండ నీడలో, మళ్లీ ఆగింది. కళాసీలు గెడలేసి ఒడ్డుకి పట్టారు. డీజిలెంతుందో కొలకర్ర ముంచి చూద్దామని ట్యాంకు మూత తిప్పానో లేదో, బుస్సుమని లోపలికి గాలి పీల్చుకుంది! పాము బుస కొట్టిందనుకుని కళాసి కుర్రాడు వెనక్కి గెంతాడు. మూత అలాగే వదిలేసి కొట్టాను. ఆ క్షణంలోనే అందుకుంది. ఇంజను ఒంటిమీద చెయ్యి వేస్తే కాలుతోంది, అయినా అందుకుంది.

ట్యాంకుకి ఊపిరి గొట్టం ఒకటుంటుందిరా, చిటికెన వేలంత. డీజిలు కిందికి పోయినకొద్దీ పైన గాలి రావాలి. అది రాకపోతే బిర్రబిగుసుకుని చుక్క వదలదు. ఆపి కూర్చుంటే మూత రబ్బరు సందుల్లోంచి మెల్లిగా గాలి చేరి మళ్లీ నడుస్తుంది. అదే మేం చల్లారడమనుకున్నది. గొట్టంలోకి ఇనుపతీగ దూరిస్తే ఎర్రమట్టి రాలింది, దాంతోపాటు ఎండిన సాలీళ్లు. లాంచీ కట్టేసి ఉంచిన ఆ నెలల్లో కుమ్మరి పురుగు అందులో గూడు కట్టుకుంది.

కొత్త పంపు డబ్బులు మిగిలినందుకు షావుకారు నాకో పంచెల చాపు పెట్టాడు. టీ వడగట్టే జాలీ ముక్క కత్తిరించి గొట్టం మూతికి తీగతో కట్టాను. లాంచీ అమ్మేసిన రోజున కూడా అది అక్కడే ఉంది.

పొద్దున్నే మీ బాబాయిని ముందు ట్యాంకు మూత విప్పి చూడమనండి.