స్లాబులో కలిసిన కాసులపేరు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. చిన్నప్పట్నించీ వింటున్న ఈ సామెత ఎవరితో చెప్తున్న మాటో చాలాకాలం ఆలోచించలేదు. ఇల్లు కట్టేదీ పెళ్ళి చేసేదీ మగవాడే అన్నట్టుగా, అతన్ని ముందే హెచ్చరిస్తున్న మాట అది. ఆ రెండు పనుల్లోనూ కరిగేది ఎవరి బంగారమో సామెత చెప్పదు.

మా ఇల్లు హైదరాబాదు శివార్లలో, విజయవాడ రోడ్డు మీద వనస్థలిపురం దాటాక ఉంది. రెండు వందల గజాల స్థలం. నాన్న ప్రభుత్వాఫీసులో గుమాస్తాగా పనిచేశాడు. 1980ల మొదట్లో తోటి ఉద్యోగులతో కలిసి సొసైటీలో ప్లాటు కొన్నాడు. 1991లో ఇల్లు కట్టాడు. కొన్నాడు, కట్టాడు అని రాస్తున్నాను చూడండి, నా చేతికి కూడా ఆ క్రియలే అలవాటు.

2019లో నాన్న పోయాక దస్తావేజుల కోసం బీరువా సర్దుతుంటే ఓ పాత నోటుపుస్తకం దొరికింది. అమ్మ చేతిరాత. ఇసుక, ఇటుక, కంకర, సెంట్రింగు వాళ్ళ కూలి, అన్నీ తేదీలతో సహా రాసి ఉన్నాయి. ఒక పేజీలో మాత్రం రూపాయలు లేవు. "కాసులపేరు: స్లాబు. నాలుగు గాజులు: బోరు. గుండ్లపేరు: తలుపులు, కిటికీలు." అంతే. అమ్మకి చూపిస్తే నవ్వింది. "కాసులపేరు యాడికి పోయింది బిడ్డా, గీ స్లాబులనే ఉన్నది" అని పైకి చూపించింది.

దస్తావేజులో నాన్న పేరు ఒక్కటే ఉంది. సాహిత్యంలో డాక్టరేటు చేసినదాన్ని, ఎన్నో రచనల్లో స్త్రీల మౌనాన్ని చదివానని అనుకున్నదాన్ని. ఆ ఇంట్లో పాతికేళ్ళకి పైగా ఉండి కూడా పైకప్పుని చదవలేకపోయాను. ఆ నోటుపుస్తకం పట్టుకుని మా కాలనీల చరిత్ర వెతకడం మొదలుపెట్టాను.

హైదరాబాదులో ఇళ్ళ వ్యవహారం ప్రభుత్వం చేతికి వచ్చింది 1908 మూసీ వరదల తర్వాత. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలని తొలగించి, కొత్త ఇళ్ళు కట్టించింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక జిల్లాలనించి ఉద్యోగుల కుటుంబాలు రాజధానికి చేరాయి. అద్దె కొంపల్లో సర్దుకున్న వాళ్ళకి సొంత ఇంటి ఆశ చూపినవి రెండు: ఒకటి హౌసింగ్ బోర్డు, రెండోది సహకార గృహనిర్మాణ సంఘం. 1980ల్లో కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ ఊరంత కాలనీగా పెరిగింది. 1976 పట్టణ భూపరిమితి చట్టం హైదరాబాదులో ఖాళీస్థలానికి వెయ్యి చదరపు మీటర్ల పరిమితి పెట్టింది. నగరం చుట్టూ ఉన్న పొలాలు గజాల్లోకి మారాయి. జొన్న చేలల్లో హద్దురాళ్ళు లేచాయి. ఈ శివారు పట్టణాల్లో పన్నెండు మునిసిపాలిటీలని 2007లో నగరపాలక సంస్థలో కలిపి జీహెచ్ఎంసీ చేశారు. ఎల్.బి.నగర్, ఉప్పల్, మల్కాజిగిరి, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి అలా నగరం అయిపోయినవే.

ఈ కథ అందరికీ తెలిసిందే. మన నాన్నలు, మామయ్యలు బస్సుల్లో వేలాడుతూ వెళ్ళి ప్లాటు చూసుకుని వచ్చిన వీరగాథ అది. కానీ ఆ డబ్బు ఎక్కడిది? ఉద్యోగుల సొసైటీలో సభ్యత్వం ఉద్యోగం ఉన్నవాడికి. లోను జీతం చీటీ ఉన్నవాడికి. లోనుకి ముందు చేతినించి పెట్టుకోవలసిన సొమ్ము, లోను చాలక ఆగిపోయిన స్లాబు, ఇంకా లోతుకి వెయ్యాల్సిన బోరు, ఇవన్నీ జీతంలోంచి రాలేదు. ఆడవాళ్ళ మెళ్ళోంచి వచ్చాయి. పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమల కింద ఇచ్చిన పొలం ఎకరమో అరెకరమో అమ్మితే వచ్చాయి. మా అమ్మకి సూర్యాపేట దగ్గర తాత ఇచ్చిన అరెకరం అలాగే ప్లాటు అయింది. ఊళ్ళో అమ్మ పేరున ఉన్న నేల శివార్లకి వచ్చేసరికి నాన్న పేరున తేలింది. ఇందులో నాన్న మోసం ఏమీ లేదు. సొసైటీ సభ్యుడు ఆయన కాబట్టి కాగితం ఆయన పేరునే అవుతుంది. మోసం చేసే అవసరం ఎవరికీ రాకుండా అన్నీ అమరిపోయాయి. పితృస్వామ్యం ఎక్కువగా నడిచేది ఇలాంటి అమరికల మీదే.

స్త్రీధనం స్త్రీదే అని చట్టం చెప్పకపోలేదు. 1956 హిందూ వారసత్వ చట్టంలోని 14వ సెక్షను స్త్రీ ఆస్తి మీద ఆమెకి సంపూర్ణ హక్కు ఇచ్చింది. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు, పెళ్ళయి అత్తారింట్లో అడుగుపెట్టినంత మాత్రాన స్త్రీధనం ఉమ్మడి సొత్తు కాదని చెప్పింది. కానీ కాసులపేరు కాసులపేరుగా ఉన్నంతవరకే అది చూపించగల వస్తువు. సిమెంటులో కలిశాక దాన్ని ఏ కోర్టులో చూపించాలి? నోటుపుస్తకాలు రాసుకున్న అమ్మలు ఎంతమంది?

ఇక్కడే ఇంకో సంగతి ఉంది. దేశంలో కూతుర్ని కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కుదారుని చేసిన మొదటి రాష్ట్రం మనది. ఎన్.టి.రామారావు ప్రభుత్వం తెచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నించి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళని పక్కన పెట్టినా, అది పెద్ద అడుగే. అయితే ఆ హక్కు పిత్రార్జితంలో. సరిగ్గా ఆ ఏళ్ళలోనే మధ్యతరగతి కుటుంబాల ఆస్తి రూపం మారుతోంది. పొలం అమ్మి ప్లాటు కొంటున్నారు. ప్లాటు దస్తావేజులో అది తండ్రి స్వార్జితం. పిత్రార్జితం అమ్మిన డబ్బుతోనే కొన్నారని రుజువు చేసుకోగలిగితే వేరే మాట. రుజువు కావాలంటే కాగితాలు కావాలి. కాగితాలుండేది అన్నదమ్ముల బీరువాలో. స్వార్జితాన్ని తండ్రి వీలునామాతో ఎవరికైనా రాయొచ్చు, మొత్తం కొడుకుకే రాయొచ్చు. కూతురికి పొలంలో వాటా వచ్చే వేళకి ఆస్తి పొలంలోంచి లేచి శివారు ఇంట్లోకి వెళ్ళి కూచుంది.

వీలునామా లేకపోతే స్వార్జితంలోనూ కూతురికి సమాన వాటా ఉంది కదా అంటారు. 1956నించీ ఉంది. కానీ అదే చట్టంలో 23వ సెక్షను ఒకటి ఉండేది. కుటుంబం కాపురముంటున్న ఇంటిని పంచమని అడిగే హక్కు ఆడవారసులకి లేదు, మగవారసులు పంచుకోవాలనుకున్నప్పుడే అది వస్తుంది అని దాని సారాంశం. ఇంట్లో ఉండే హక్కయినా కూతురికి ఎప్పుడు? పెళ్ళి కాకపోతే, భర్త వదిలేస్తే, విడిపోతే, లేదా చనిపోతే. అంటే పుట్టింటి తలుపు తెరుచుకోవాలంటే ఆడదాని జీవితంలో ఏదో ఒకటి కూలిపోవాలన్నమాట! ఈ సెక్షను 2005 సెప్టెంబరు 9 నించి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణతో పోయింది. దాదాపు యాభై ఏళ్ళు ఉంది. మా మేనత్త జీవితం ఆ యాభై ఏళ్ళలోనే గడిచిపోయింది. వాటా ఉన్నా అడగలేని ఇంటికి ఆమె సంక్రాంతికి చుట్టంలా వచ్చి వెళ్ళేది.

ఆడవాళ్ళ పేరున ఇళ్ళు లేవా అంటే, ఉన్నాయి. ఆ పేర్లు కాగితం మీదికి ఎలా వచ్చాయో కూడా చూడాలి. 1988 బినామీ చట్టం, భార్య పేరున గానీ పెళ్ళికాని కూతురి పేరున గానీ కొనడాన్ని నిషేధంనించి మినహాయించింది. ఎదురు రుజువు లేనంతవరకూ ఆమె మేలు కోసమే కొన్నట్టు భావించాలంది. ఆదాయపన్ను చట్టం మాత్రం, భర్త ప్రతిఫలం లేకుండా భార్యకి బదిలీ చేసిన ఇంటికి పన్ను లెక్కల్లో యజమాని భర్తే అంది. ఒకే ఇల్లు, ఒక చట్టంలో ఆమెది, ఇంకో చట్టంలో అతనిది. 1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక కూకట్‌పల్లి, మియాపూర్ వైపు ఫ్లాట్లు కొన్న జంటల్లో ఇద్దరి పేర్లూ కనిపించసాగాయి. ఇద్దరి జీతం కలిపితే లోను పెరుగుతుంది, వడ్డీ మీద మినహాయింపు ఇద్దరికీ వస్తుంది. సమానత్వం చెప్పలేని మాట బ్యాంకు లెక్క చెప్పింది. దానికీ సంతోషమే. కానీ ఈఎంఐ కట్టిన ఆమె పోయాక ఆ వాటా ఎవరికి? పిల్లలూ భర్తా లేకుండా, వీలునామా రాయకుండా పోతే, ఆమె స్వార్జితం తన తల్లిదండ్రులకన్నా ముందు భర్త వారసులకి వెళ్తుంది. 15వ సెక్షను అదే చెప్తుంది. నారాయణీదేవి అనే ఆమె పెళ్ళయిన మూడు నెలలకే భర్తని పోగొట్టుకుంది. అత్తారింటివాళ్ళు వెళ్ళగొడితే పుట్టింట చదువుకుని ఉద్యోగం చేసింది. ఆమె సంపాదన, 2009లో సుప్రీంకోర్టు తీర్పుతో, ఆ అత్తారింటి వాళ్ళకే చేరింది.

ఇంట్లో ఉండే హక్కు కోసం జరిగిన పోరాటం కూడా ఈ చరిత్రలో భాగమే. గృహహింస చట్టం 2006 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. ఆ డిసెంబరులోనే బాత్రా కేసులో సుప్రీంకోర్టు, అత్తగారి పేరునున్న ఇంట్లో ఉండే హక్కు కోడలికి లేదంది. కాపురం చేసిన ఇల్లు అత్తమామల పేరున ఉంటే కోడలు వీధిన పడాల్సిందేనా? 2020 అక్టోబరులో అహూజా కేసులో అదే కోర్టు ఆ వ్యాఖ్యానాన్ని సరిదిద్దడానికి దాదాపు పద్నాలుగేళ్ళు పట్టింది. ఉండే హక్కు వచ్చింది గానీ, ఇంటి మీద యాజమాన్యం వేరు. కాపురంలో సంపాదించిన ఆస్తిలో భార్యకి వాటా ఇవ్వాలన్న వివాహ చట్టాల సవరణ బిల్లు 2013లో రాజ్యసభ దాటి, తర్వాత మురిగిపోయింది. 2023 జూన్‌లో మద్రాస్ హైకోర్టు మాత్రం, భర్త సంపాదనతో కొన్న ఆస్తి వెనక భార్య ఇంటిచాకిరీ ఉందనీ, అందులో ఆమెకి సగం వాటా ఉందనీ చెప్పింది. ఆ తీర్పు చదివిన రోజు నోటుపుస్తకం మళ్ళీ తీశాను. నగలు రాసింది గానీ, ఇల్లు కడుతున్నన్ని నెలలూ గోడలు తడిపిన నీళ్ళు, మేస్త్రీలకి కాచిన చాయలు అమ్మ కూడా లెక్క రాయలేదు.

పి.సత్యవతిగారి "ఇల్లలకగానే" కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలు గుర్తుంది కదా. ఎన్నోసార్లు క్లాసులో ఆ కథ చెప్పాను. అస్తిత్వం గురించి మాట్లాడాను. ఆ ఇంటి దస్తావేజులో ఎవరి పేరుందని ఒక్కసారీ అడగలేదు.

ఇక మా ఇంటి సంగతి. మా వీధిలో పాత ఇళ్ళు ఒక్కొక్కటే బిల్డర్లకి వెళ్తున్నాయి. స్థలం మనది, ఖర్చు వాళ్ళది, ఫ్లాట్లు సగం సగం. మా గుమ్మానికీ ఒకాయన వచ్చాడు. నాన్న వీలునామా రాయలేదు కాబట్టి అమ్మకీ అన్నయ్యకీ నాకూ తలా మూడోవంతు. ప్లాటూ స్లాబూ బోరూ తలుపులూ ఇచ్చిన మనిషికీ మూడోవంతే. అన్నయ్య నన్ను పక్కకి పిలిచి, "చెల్లే, హక్కు విడుదల రాస్తే పని తొందరగా అయిపోతది. నీ పెళ్ళికి పెట్టినం గదా" అన్నాడు. చెడ్డవాడు కాదు. మాకు తెలిసిన ఇళ్ళన్నిటిలోనూ అన్నలు అనే మాటే అన్నాడు.

"రాస్తాను, అమ్మ పేరున రాస్తాను. నువ్వూ రాయి" అన్నాను. నోటుపుస్తకం అతని ముందు పెట్టాను. మూడు నెలలు మాటల్లేవు. తర్వాత ఓ రాత్రి ఫోను చేసి "సరే" అన్నాడు.

నిజం చెప్పాలి. అతను సరే అన్నాక నాకు భయం వేసింది. నేను గెస్టు లెక్చరర్‌ని, అద్దె ఇంట్లో ఉంటున్నాను. నాకంటూ ఉన్న ఆస్తి ఆ మూడోవంతే. ఆడవాళ్ళు వాటా వదులుకోవడమే కదా మన ఇళ్ళలో మంచితనం, నేనూ ఇంకో రూపంలో అదే చేస్తున్నానా అని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. చివరికి నాకు నేను చెప్పుకున్నది ఇంతే: ఇది త్యాగం కాదు, బాకీ. ఆమెది ఆమెకి ఇచ్చాక, నాకు ఇవ్వాలో వద్దో ఆమె ఇష్టం.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో డాక్యుమెంటు రైటరు గబగబా చదువుకుపోతున్నాడు. ఫలానా కీర్తిశేషుల భార్య అని అమ్మ గురించి చదివాడు. హద్దుల దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఆపింది. "తూర్పు దిక్కు ప్లాటు నలభై ఒకటి కాదు నాయనా, నలభై. మేం వచ్చిన్నాడు ఆడ రేగుచెట్టు ఉండె" అంది. అతను పాత దస్తావేజు తిప్పి చూశాడు. నలభయ్యే. అచ్చు తప్పు దిద్దించి, కాగితం మళ్ళీ తీయించి తెచ్చాడు. అమ్మ అద్దాలు పెట్టుకుని నాలుగు హద్దులూ వేలితో చూసుకుంటూ చదివింది. తర్వాత సంతకం పెట్టింది.

బిల్డరుకి ఇంకా జవాబు చెప్పలేదు. "స్లాబు మంచిగనే ఉన్నది గదా, చూద్దాం" అంటోంది.