హైదరాబాద్ ట్రిప్: ఉప్పల్‌లో బస్సు దిగుతున్నారా? రెండు రోజుల్లో సిటీ చూడాలంటే ముందు ఈ లెక్క వేసుకోండి

ఫస్ట్ టైమ్ హైదరాబాద్ చూడ్డానికి వస్తున్నారా? చేతిలో రెండే రోజులున్నాయా? అయితే చార్మినార్, గోల్కొండ, జూ పార్క్, రామోజీ ఫిల్మ్ సిటీ, బిర్లా మందిర్, ట్యాంక్ బండ్.. అన్నీ కాగితం మీద రాసుకుని బయల్దేరకండి. అలా వచ్చినవాళ్లు సగం కూడా చూడకుండానే తిరుగు బస్సు ఎక్కుతారు. ఈ సిటీలో టైమంతా తినేసేది రోడ్డే. అందుకే ఏం చూడాలన్నది తర్వాత. ఏ రోజు, ఏ వైపు వెళ్లాలన్నది ముందు తేల్చుకోవాలి.

వరంగల్, హనుమకొండ, జనగామ, యాదగిరిగుట్ట, భువనగిరి వైపు నుంచి వచ్చేవారికి సిటీ గుమ్మం ఉప్పలే. చాలామంది ఇక్కడ దిగకుండా అదే బస్సులో ఎంజీబీఎస్ దాకానో, జేబీఎస్ దాకానో కూర్చుంటారు. ఆ పొరపాటు చేయొద్దు. ఉప్పల్ రింగ్ రోడ్‌లో దిగి మెట్రో ఎక్కితే సిటీ ట్రాఫిక్ బాధ తప్పినట్టే. ఇక్కడ రోడ్డు దాటడం గతంలో పెద్ద గండం. 2023 జూన్‌లో 660 మీటర్ల స్కైవాక్ తెరిచాక పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చేవారికి ఆ భయం తగ్గింది. మెట్లెక్కితే నేరుగా మెట్రో స్టేషన్‌కే వెళ్లొచ్చు.

కాకపోతే ఉప్పల్ చేరడమే ఓ పరీక్ష. నారపల్లి నుంచి మేడిపల్లి, బోడుప్పల్ మీదుగా ఉప్పల్ దాకా ఉన్న ఆరేడు కిలోమీటర్లలో ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. ఆ దారిలో ఎప్పుడు ఎంతసేపు ఆగాల్సి వస్తుందో చెప్పలేం. పొద్దున ఎనిమిదిలోపు ఉప్పల్‌లో ఉండేలా ఊళ్లో బయల్దేరండి. తొమ్మిది దాటితే ఆఫీసు రద్దీలో చిక్కుకుంటారు.

రైల్లో వచ్చేవాళ్లు టికెట్ మీద స్టేషన్ పేరు ఓసారి సరిగ్గా చూసుకోండి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ ప్రారంభమయ్యాక కొన్ని రైళ్లు సికింద్రాబాద్‌కు బదులు అక్కడే ఆగుతున్నాయి. చర్లపల్లిలో మెట్రో లేదు. బస్సులోనో ఆటోలోనో నాచారం మీదుగా హబ్సిగూడ మెట్రోకో, లేదంటే ఉప్పల్‌కో రావాలి. నాచారంలో చుట్టాలింట్లో దిగేవారికి కూడా హబ్సిగూడ స్టేషనే దగ్గర, రెండు మూడు కిలోమీటర్లు ఉంటుంది. రూమ్ తీసుకునేవారైతే ఉప్పల్, హబ్సిగూడ, తార్నాకల్లో మెట్రోకు నడిచి వెళ్లేంత దూరంలో చూసుకోండి. లగేజీ ముందు అక్కడ పడేసి బయల్దేరితే రోజంతా హాయిగా తిరగొచ్చు.

ఇక అసలు విషయం.. ఏ వారం వస్తున్నారు? సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. చౌమహల్లా ప్యాలెస్ కూడా శుక్రవారమే మూసేస్తారు. మక్కా మసీదులో మధ్యాహ్నం జుమ్మా నమాజు ఉంటుంది కాబట్టి ఆ టైమ్‌లో సందర్శకులకు వీలు పడదు. అంటే శుక్రవారం పాతబస్తీకి వెళ్తే చార్మినార్ ముందు ఫొటో దిగి తిరిగి రావడమే. శుక్ర, శనివారాల్లో వచ్చేవారు మొదటి రోజు గోల్కొండ, రెండో రోజు పాతబస్తీ పెట్టుకోండి. గురు, శుక్రవారాలైతే దీనికి రివర్స్. నెహ్రూ జూ పార్క్‌కు సోమవారం సెలవు. ఆదివారం అన్నీ తెరిచే ఉంటాయి, కానీ జనం కూడా అలాగే ఉంటారు.

పాతబస్తీ రోజు

ఉప్పల్‌లో బ్లూ లైన్ ఎక్కి ఏడో స్టేషన్ పరేడ్ గ్రౌండ్‌లో దిగండి. అక్కడే గ్రీన్ లైన్‌కు మారితే ఎనిమిదో స్టేషన్ ఎంజీబీఎస్. చాలామంది తెలియక అమీర్‌పేట దాకా వెళ్లి రెడ్ లైన్ పట్టుకుని వెనక్కి వస్తారు. అదంతా చుట్టు తిరుగుడు. గ్రీన్ లైన్ 2020 ఫిబ్రవరిలో వచ్చింది. దాని మీద జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్‌కు పావుగంట ప్రయాణం. మారే టైమ్ కూడా కలుపుకుని ముప్పావు గంటలో పాతబస్తీ అంచుకు చేరిపోతారు.

ఎంజీబీఎస్ నుంచి చార్మినార్‌కు రెండు కిలోమీటర్ల దూరం. ఆటో ఎక్కే ముందే రేటు మాట్లాడుకోండి. చార్మినార్‌ను పొద్దున్నే చూడాలి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఈ కట్టడం చుట్టూ పదకొండు దాటితే కాలు పెట్టే సందుండదు. పక్కనే ఇరానీ కేఫ్‌లో చాయ్, ఉస్మానియా బిస్కెట్ కానిచ్చి, మక్కా మసీదు చూసి, అక్కడి నుంచి నడుచుకుంటూ చౌమహల్లాకు వెళ్లొచ్చు. నిజాంల దర్బార్ హాలు, ఆ షాండ్లియర్లు పిల్లలకు కూడా నచ్చుతాయి. లాడ్ బజార్ షాపులు ఆలస్యంగా తెరుస్తారు కాబట్టి గాజులు కొనడం తిరిగొచ్చేటప్పుడు పెట్టుకోండి. ఇక్కడి లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. బేరం ఆడకుండా మాత్రం కొనకండి.

భోజనం అయ్యాక సాలార్‌జంగ్. చార్మినార్ నుంచి ఎంజీబీఎస్‌కు వెనక్కి వచ్చే దారిలోనే, మూసీ ఒడ్డున ఉంటుంది. సాయంత్రం ఐదుకు మూసేస్తారు కాబట్టి రెండింటికల్లా లోపల ఉండాలి. అన్ని గదులూ చూడాలంటే రోజంతా చాలదు. మొదటిసారి వచ్చినవారు రెండు మాత్రం వదలొద్దు. ఒకటి 'వీల్డ్ రెబెక్కా'.. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ. ముఖం మీది పల్చటి మేలిముసుగు కూడా రాయే అంటే నమ్మబుద్ధి కాదు. దీన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో తెచ్చారు. రెండోది గంటల గడియారం. ప్రతి గంటకూ ఓ చిన్న గడ్డం మనిషి బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి వెళ్తుంది. ఐదు నిమిషాల ముందే వెళ్తే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.

ఓపిక ఉంటే ఎంజీబీఎస్‌లో రెడ్ లైన్ ఎక్కి అసెంబ్లీ స్టేషన్‌లో దిగండి. నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిర్ ఉంది. సెల్‌ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు, కౌంటర్‌లో ఇవ్వాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ఇది వదిలేసి నేరుగా లుంబినీ పార్కుకు వెళ్లి పడవ ఎక్కడం మంచిది.

హుస్సేన్‌సాగర్ మధ్యలోని బుద్ధుడు మీ దారిలోని వాడే. వరంగల్ బస్సులో వస్తూ మీరు దాటిన రాయగిరి దగ్గరి కొండ నుంచే ఈ ఏకశిలను తెచ్చారు. బరువు సుమారు 350 టన్నులు. 1990 మార్చిలో సాగర్ మధ్యకు తరలిస్తుండగా పంటు ఒరిగి విగ్రహం నీట మునిగింది, మనుషుల ప్రాణాలూ పోయాయి. రెండేళ్లకు పైగా నీళ్లలోనే ఉన్న విగ్రహాన్ని బయటికి తీసి 1992 డిసెంబర్ 1న నిలబెట్టారు. పడవలో వెళ్తూ ఈ సంగతి పిల్లలకు చెప్పండి. అక్కడి నుంచి లక్డీకాపూల్ లేదా ఖైరతాబాద్ స్టేషన్‌కు వచ్చి, అమీర్‌పేటలో మారితే తిరిగి ఉప్పల్.

గోల్కొండ రోజు

గోల్కొండకు మెట్రో లేదు. లక్డీకాపూల్ దాకా మెట్రోలో వెళ్లి, అక్కడి నుంచి మెహిదీపట్నం మీదుగా బస్సో ఆటోనో పట్టుకోవాలి. ఉప్పల్ నుంచి గంటన్నర వేసుకోండి. ఎండ ముదరకముందే పైకి ఎక్కేయాలి. దాదాపు 360 మెట్లు, నీళ్ల సీసా తప్పనిసరి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎక్కాలనుకోవడం మాత్రం సాహసమే. ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే కొండ మీది బాలాహిస్సార్‌లో వినిపిస్తుందని గైడ్లు చేసి చూపిస్తారు. అది ముచ్చట కోసం కట్టింది కాదు, శత్రువు వస్తే పైవాళ్లకు కబురు అందడానికి. అంత పకడ్బందీ కోట కూడా ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687లో ఔరంగజేబు చేతికి చిక్కింది. దగ్గర్లోనే కుతుబ్‌షాహీ సమాధులున్నాయి. రెండూ కలిపి చూస్తే మధ్యాహ్నం అయిపోతుంది. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో కోసం ఆగాలంటే ఆ రాత్రి సిటీలోనే ఉండే ఏర్పాటు చేసుకోండి. షో చూసి, ఉప్పల్ వచ్చి, మళ్లీ వరంగల్ బస్సు పట్టుకోవడం పిల్లలతో కష్టం.

చిన్నపిల్లలుంటే గోల్కొండ తీసేసి జూ పార్క్ పెట్టుకోండి, తప్పేం లేదు. రామోజీ ఫిల్మ్ సిటీ మాత్రం ఈ రెండు రోజుల్లో ఇరికించకండి. అది విజయవాడ హైవే మీద అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఉంది, ఎల్బీనగర్ మీదుగా వెళ్లాలి. దానికే ఒక రోజు పూర్తిగా పోతుంది. మూడో రోజు ఉంటేనే చూడండి.

ఖర్చు విషయానికొస్తే.. తెలంగాణ మహిళలకు 2023 డిసెంబర్ నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోవాలి. పేరులో మెట్రో ఉంది కదా అని మెట్రో రైలులో ఉచితం అనుకోకండి, అక్కడ అందరూ టికెట్ కొనాల్సిందే. మగవాళ్లు రోజంతా బస్సుల్లోనే తిరిగేలా ఉంటే కండక్టర్‌ను టీ-24 టికెట్ అడగండి, 24 గంటలు పనికొస్తుంది.

ఒక్క జాగ్రత్త.. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉందేమో ముందే చూసుకోండి. ఐపీఎల్ మ్యాచ్ రోజు సాయంత్రం ఈ రోడ్లమీద బస్సు కదలదు, స్టేడియం స్టేషన్ చుట్టుపక్కల మెట్రో కిక్కిరిసిపోతుంది. వినాయక నిమజ్జనం రోజు ట్యాంక్ బండ్ వైపు చూడనే వద్దు.

తిరుగు ప్రయాణానికి రెండు గంటల టైమ్ మిగిలితే మళ్లీ సిటీలోకి వెళ్లకండి. ఉప్పల్ తర్వాతి స్టేషన్ నాగోల్ దగ్గరే 2019లో తెరిచిన మినీ శిల్పారామం ఉంది. కాసేపు అక్కడ కూర్చుని, చీకటి పడకముందే ఉప్పల్ రింగ్ రోడ్‌కు వచ్చేయండి. ఆదివారం రాత్రి వరంగల్ బస్సుల్లో సీటు దొరకడం కష్టం. రిజర్వేషన్ ఉంటే బోర్డింగ్ పాయింట్ ఉప్పల్ అని ఉందో, ఎంజీబీఎస్ అని ఉందో టికెట్ చూసుకుని బయల్దేరండి.