పళవేర్కాడు – డచ్చివారు – పొట్టి గుర్రములు

తిరుత్తణివారికి సముద్రము దూరమే. అయినను 1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రమునకు మారిన ఆ తాలూకా, 1997లో తిరువళ్లూరు జిల్లా ఏర్పడినపుడు పళవేర్కాటితో పాటు ఆ జిల్లాలో చేరినది. అక్కడి ఉప్పునీటి సరస్సునే మన తెలుగువారు ప్రళయకావేరి యందురు.

ఈ తీరపు నేతబట్టల కొరకు వచ్చిన డచ్చివారు పళవేర్కాటిలో 1613లో గెల్డ్రియా కోట కట్టిరి. 1825లో ఊరిని ఆంగ్లేయుల కప్పగించి పోయిరి. వారి సమాధులు మాత్రము నేటికిని చూడవచ్చును.

ఆ డచ్చివారి దేశములో ఊస్ట్‌వార్డర్స్‌ప్లాసెన్ అను చోటు గలదు. తూర్పుదేశములకు ఓడలలో పోయినవారి మడుగులని ఆ పేరున కర్థము. అనగా మన పళవేర్కాటికి వచ్చినవారి పేరే గదా! అది 1968లో గట్టు వేసి నీరు తోడి పైకి తెచ్చిన నేల. పరిశ్రమల కని ఉంచిన పల్లము నీటిపక్షుల పాలైనది. రెల్లు, పొదలు కమ్ముకొన్నచో బాతులకు పచ్చిక యుండదు. అందుచే 1983లో పశువులను, 1984లో కోనిక్ అను పొట్టి గుర్రములను అక్కడ విడిచిరి. అవి మేయుచుండగా పచ్చిక బయలు నిలిచినది.

కాని చుట్టును కంచె. చలికాలమున మేత వేయరాదని నియమము. మందలు పెరిగినవి. 2017–18 చలికాలమున మూడువేలకు పైగా జంతువులు పోయినవి. ఆకలితో చావనున్న వానిని ముందే తుపాకితో కాల్చిరి. జనులు కోపించి కంచె మీదుగా ఎండుగడ్డి విసరిరి. పిమ్మట మందలను తగ్గించిరి. కంచె వేసినవాడే మేతకును పూచీ పడవలెనని నా కనిపించును.

మన తీరముననే, దక్షిణమున కోడిక్కరై అభయారణ్యములో, ఆలనాపాలన లేక అడవి పాలైన పొట్టి గుర్రము లున్నవి. అక్కడ కథ తలక్రిందులు. అవి కృష్ణజింకల పచ్చికకు పోటీ వచ్చుటయేగాక, సర్కారుతుమ్మ కాయలు తిని పేడతో విత్తనములు వెదజల్లును. ఒక చోట పొద నణచిన జంతువే మరియొక చోట ముండ్ల చెట్టును పెంచుచున్నది!

ఇక ప్రళయకావేరికిని సముద్రమునకును నడుమ నున్న శ్రీహరికోట. 1969లో దానిని రాకెట్ల కేంద్రమునకై ఎన్నుకొనిరి; 1971 అక్టోబరు 9న తొలి రాకెట్టు ఎగిరినది. ఊళ్లు ఖాళీ యయ్యెను. జనులు వలస పోగా వెనుక మిగిలిన ఆవులు అడవి ఆవులై, మందలు గట్టి ఆ దీవిలోనే మేసినవి. వాని తల్లులను పేరు పెట్టి పిలిచిన యిండ్లవారు తరువాత ఏయే యూళ్ల జేరిరో!