మంచు కోసం బెంగ

డిసెంబరు వచ్చిందంటే హబ్సిగూడలో ఉదయపు నడకకు బయలుదేరే మా వయసువారమందరం మఫ్లర్లు చుట్టుకుంటాము. అదే వేళ ఉస్మానియా ప్రాంగణంలో పొట్టి చేతుల చొక్కాలతో తిరిగే అఫ్ఘన్ విద్యార్థులు మమ్మల్ని చూసి నవ్వుకుంటారు. భారత ప్రభుత్వ ఉపకార వేతనాలపై వచ్చి ఇక్కడ చదువుకున్న వారు ఎందరో ఉన్నారు. నేను ప్రాక్టీసులో ఉండగా అటువంటి కాబూలు యువకుడొకడు నిద్ర పట్టడం లేదంటూ వచ్చాడు. పరీక్షలన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఎండ పడటం లేదా అని అడిగాను. “ఎండ అలవాటైంది సార్, మంచు పడని చలికాలమే అలవాటు కావడం లేదు” అన్నాడు. విటమిన్ మాత్రలు వ్రాసి పంపాను. అది నా పొరపాటని వైద్యచరిత్ర చదివాక గాని తెలియలేదు.

వేడికి శరీరం త్వరగానే అలవాటుపడుతుంది. పది, పధ్నాలుగు రోజుల్లో చెమట ముందుగానూ ఎక్కువగానూ పట్టడం మొదలవుతుంది. చెమటతో పోయే ఉప్పు తగ్గుతుంది, ప్లాస్మా పరిమాణం పెరిగి గుండెపై భారం తేలికవుతుంది. మనసుకు ఇటువంటి గడువేదీ లేదు.

ఇందుకు బాబరు ఆత్మకథ మంచి సాక్ష్యం. 1526 ఏప్రిల్‌లో పానిపట్టు గెలిచి ఆగ్రా చేరేసరికి నడివేసవి. వడగాడ్పులకు సైనికులు కుప్పకూలి మరణించారని ఆయనే వ్రాశాడు. కాబూలు తిరిగి వెళ్లిపోదామని సర్దారులు పట్టుబట్టారు. ఆప్తుడైన ఖ్వాజా కలాన్ నిజంగానే వెళ్లిపోయాడు. బాబరు ఉండిపోయాడు. హిందుస్తానంలో లేనివాటి జాబితాలో మంచుగడ్డనూ చల్లని నీటినీ చేర్చాడు. కాబూలు నుండి ఒక్కరోజు ప్రయాణంలో మంచే కురవని చోటికి, రెండు గంటల్లో మంచే కరగని చోటికి చేరవచ్చని అంతకుముందే మురిసిపోతూ వ్రాసుకున్నవాడాయన. మూడేళ్లకు, 1529లో, ఖ్వాజా కలాన్‌కు వ్రాసిన లేఖలో ఖర్బూజా పండు కోసి తింటూ కన్నీరు పెట్టుకున్నానని చెప్పుకున్నాడు. దేహం ఎండకు ఏనాడో అలవాటుపడి ఉంటుంది! మన గోల్కొండను ఏలిన సుల్తాన్ కులీ కూడా మంచు కురిసే హమదాన్ ప్రాంతం నుండి వచ్చినవాడే.

దీనిని వ్యాధిగా గుర్తించి పేరు పెట్టినవాడు యోహానెస్ హోఫర్. 1688లో బాసెల్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన వైద్య సిద్ధాంతవ్యాసంలో, ఇంటికి తిరిగిరావడం, నొప్పి అనే అర్థాలున్న రెండు గ్రీకు పదాలు కలిపి ‘నోస్టాల్జియా’ అన్నాడు. నిద్రలేమి, ఆకలి మందగించడం, గుండెదడ, ఎడతెగని దిగులు దాని లక్షణాలు. ఆయన చూపిన రోగులలో ఒకడు బెర్న్ నుండి బాసెల్‌కు చదువుకు వచ్చిన విద్యార్థి. క్షీణించిపోతున్నవాడు ఇంటికి ప్రయాణం కాగానే కోలుకున్నాడు. పరదేశాల్లో కొలువు చేసే స్విస్ సైనికులకు ఇది సోకడానికి కారణం కొండలు దిగడంతో గాలి ఒత్తిడి పెరగడమేనని తరువాత షాయ్‌క్జర్ అనే మరో స్విస్ వైద్యుడు వాదించాడు. వాదం నిలవలేదు. గ్రీకు పదాలు అతికించే శ్రమ మనకు లేదు, పిల్లవాడికి జ్వరం వస్తే “బెంగ పెట్టుకున్నాడు” అని మన అమ్మమ్మలు ఎప్పుడో రోగనిర్ణయం చేశారు.

నేడు వైద్యగ్రంథాలలో నోస్టాల్జియా వ్యాధి కాదు. అయినా దిగులు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం రెండు వారాలకు మించి సాగితే అది బెంగా, మానసిక కుంగుబాటా అన్నది వైద్యుడు తేల్చవలసిందే. హోఫర్ మందు ఇంటికి పంపడం. 2021 ఆగస్టులో కాబూలు తాలిబన్ల వశమైన తరువాత, ఇక్కడున్న అఫ్ఘన్ విద్యార్థులలో అనేకులకు ఆ మందు అందకుండా పోయింది.

ఇప్పుడు నడకలో ఎదురుపడిన వారిని ఊళ్లో మంచు పడిందా అని అడుగుతుంటాను. తొలి మంచు కురిసిన నాడు తమవైపు ఒక ఆట ఉందని ఒకాయన చెప్పాడు. స్నేహితుని ఇంటికి ఎవరూ చూడకుండా చీటీ చేరవేయాలి. చీటీ అందుకున్నవాడు విందు ఇవ్వాలి, తెచ్చినవాడు పట్టుబడితే పంపినవాడే ఇవ్వాలి. ఆ ఆట పేరు బర్ఫీ. పారసీకంలో బర్ఫ్ అంటే మంచు, మన మిఠాయి పేరూ అక్కడిదే.