శస్త్రచికిత్స తరువాత మతి తప్పుట: కిటికీ లేని గది కథ

రుద్రంగినుండి కరీంనగరమునకో, హైదరాబాదునకో పోయి తుంటియెముకకు శస్త్రచికిత్స చేయించుకొన్న వృద్ధుడు రెండవనాటి రాత్రి కన్నకొడుకునే గుర్తింపక, గోడమీద పురుగులు ప్రాకుచున్నవని కేకలు వేయవచ్చును. పిచ్చిపట్టినదని ఇంటివారు భయపడుదురు. ఇది పిచ్చి కాదు. వైద్యులు దీనిని డెలీరియం అందురు. హఠాత్తుగా వచ్చుట, పూట పూటకు హెచ్చుతగ్గులగుట, తరచు రాత్రివేళ ముదురుట దీని లక్షణములు.

మొదట అనుమానము మత్తుమందు మీదికి పోయినది. మత్తు ఇచ్చిన పిదప మతి చెడినవారిని గూర్చి 1887లో ఇంగ్లండు మానసిక వైద్యుడు జార్జి సావేజ్ వ్రాసెను. ఆ దరిదాపులనే, 1888, 1889 సంవత్సరములలో, మన హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ పూనికతోను, ఆరవ నిజాము ధనసహాయముతోను రెండు క్లోరోఫారం సంఘములు పరిశోధనలు జరిపినవి. క్లోరోఫారం ముందుగా గుండెను ఆపునా, శ్వాసను ఆపునా అన్నది వారు తేల్చబూనిన ప్రశ్న. మేల్కొన్నవాని మతి సంగతి కాదు. ఆనాటికి ప్రాణమే పెద్ద ప్రశ్న గదా!

అయితే మత్తుమందు ఒక్కటే దోషి అన్నచో కంటిరోగుల సంగతి తేలదు. శుక్లములు తీసిన పిదప పూర్వము రెండు కండ్లకును కట్టుకట్టి, తల కదలకుండ ఇరువైపుల ఇసుకసంచులు పెట్టి, దినములతరబడి పరుండబెట్టెడివారు. కంటిచుట్టు మాత్రమే తిమ్మిరి మందు ఇచ్చినవారిలో సైతము కొందరు ఆ చీకటిలో తామెచ్చటనున్నది మరచి కట్టు పెరికివేసెడివారు. వైద్యుడు తరచు వచ్చి, చేయిపట్టుకొని పలుకరించినచో వారు కుదుటపడుదురని 1958లో వైస్‌మన్, హాకెట్ అను అమెరికను వైద్యులు తెలిపిరి.

గుండె శస్త్రచికిత్సలు వచ్చిన తరువాత గదియే విచారణకెక్కినది. అచ్చట రేయింబవళ్లు దీపములు, యంత్రముల చప్పుడు, తెగిపోవు నిద్ర. 1965లో న్యూయార్కులో కార్న్‌ఫెల్డు ఈ సంగతిని ఎత్తిచూపెను. 1972లో విల్సన్ అను వైద్యుడు శస్త్రచికిత్సానంతరము కిటికీలేని విభాగమున ఉన్న 50 మందిని, కిటికీలున్న విభాగమున ఉన్న 50 మందిని పోల్చెను. మతి తప్పినవారు మొదటిచోట నూటికి 40, రెండవచోట 18. రోగులను చీట్లు వేసి పంచిన ప్రయోగము కాదు గనుక అంతయు కిటికీ మహిమయే అనరాదు. వయస్సు, చీము, రక్తనష్టము, మందులు కూడ కారణములే.

1999లో అమెరికాలో షారన్ ఇనౌయే బృందము 70 ఏండ్లు దాటిన 852 మంది ఆసుపత్రి రోగులపై మరియొక పరీక్ష జరిపెను. వారు శస్త్రచికిత్స రోగులు కారు, అయినను ఫలితము గమనింపదగినది. వారిలో ఒక వర్గమునకు తేదీ, చోటు మరల మరల చెప్పిరి, రాత్రి నిద్రపోనిచ్చిరి, నడిపించిరి, కండ్లజోడు, చెవియంత్రము అందించిరి, నీరు త్రాగించిరి. వీరిలో నూటికి 9.9 మందికి, మామూలు చికిత్స పొందినవారిలో 15 మందికి డెలీరియం వచ్చినది. మన ఆసుపత్రులలో మంచముప్రక్కన చాపవేసుకొని కూర్చుండు ఇంటివారు ఏ పరిశోధనయు చదువకయే ఈ పనులలో సగము చేయుచుందురు. ఇంటెన్సివ్ కేర్ గది తలుపు దగ్గర మాత్రము వారు ఆగిపోవలసివచ్చును. ముసలివాని కండ్లజోడు వారి సంచిలోనే ఉండిపోవును.