కట్టే హక్కు లేనివాడి గోడ

మన ఊళ్లలో దడి కట్టేది పెరటికి. నూతి గట్టు, అంట్లు తోముకునే చోటు, స్నానాల చాటు వీధికి కనపడకూడదు. వాకిలి మాత్రం తెరిచే ఉంటుంది, అరుగు మీద ఎవరైనా కూర్చోవచ్చు. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఇది తిరగబడింది. సౌత్ సైడ్‌లో దొరల కాలం నాటి బంగ్లాలకు కంచె ముందువైపు ఉంటుంది, అదీ నడుమెత్తు. లోపలి పచ్చిక, వరండా అన్నీ కనిపిస్తూనే ఉంటాయి. దేన్నీ దాచని కంచె ఎందుకు? ఈ ప్రశ్న వెంట పోతేనే ఊరి పుట్టుక అర్థమవుతుంది.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో మొదలైంది. తరవాత కొన్నేళ్లకు ఇక్కడ జంక్షన్, వర్క్‌షాపు లేచాయి. ఇళ్లను హోదా చూసి పంచారు: అధికారికి తోట, బంగ్లా, కూలికి వరస గదులు. కత్తిరించిన కంచె ఆ హోదాకు గుర్తు. మొక్కలతో గీత గీసి మనుషుల్ని ఆపడం ఆ దొరలకు కొత్త కాదు. ఉప్పు పన్ను ఎగవేతను ఆపడానికి సింధు నది నుంచి మహానది దాకా సుంకం గీత గీశారు. 1869 నాటికి అది 2,300 మైళ్లు, కాపలాకు సుమారు 12,000 మంది. అందులో వందల మైళ్ల మేర తుమ్మ, రేగు, వాక్కాయ, నాగజెముడు పెంచారు. నేల రాయిగా ఉన్నచోట కందకం తవ్వి మంచి మట్టి తెచ్చి పోశారు. ఆ పని నడిపించిన ఎ.ఓ. హ్యూమే తరవాత కాంగ్రెస్ స్థాపకుల్లో ఒకరయ్యారు. పేదవాడి గంజిలో ఉప్పుకు అడ్డం పెట్టిన ఆ కంచెను 1879లో వదిలేశారు. దాన్ని తలుచుకుంటే సౌత్ సైడ్ కంచె అందం నా కంటికి పూర్తిగా ఆనదు.

మరి రైల్వే పనికి ఇక్కడికి వచ్చిన మన తెలుగువాళ్లు ఏం చేశారు? క్వార్టరు నేల రైల్వేది. ఉద్యోగి అక్కడ సొంతానికి గోడ లేపకూడదు, రిటైరయ్యాక తాళం అప్పగించాలి. అందుకే రెండు క్వార్టర్ల మధ్య పక్క సందుకు కంచే గోడ. వెదురు దడి మీద చిక్కుడు పాదు పాకిస్తారు, లేదా బెంగాలీలు రాంగ్‌చిత అనే మొక్క నాటుతారు. దాని కాడ వంకర టింకరగా పెరుగుతుంది, విరిస్తే పాలు కారతాయి. మేకలు ముట్టవు, కొమ్మ గుచ్చితే చాలు బతుకుతుంది. దొరలు హోదా కోసం వాడిన కంచెను కూలివాడు మళ్లీ మన దడి చేశాడు. నా దృష్టిలో ఈ ఊరు మనదైంది అక్కడే.

గోడ అయితే ఒక్క ఖర్చుతో పోతుంది, కంచెకు ఏటా కత్తెర, పైగా పాముల భయం అంటారు. భయం నిజమే, రాలిన ఆకు ఎప్పటికప్పుడు ఊడ్చాలి. కానీ ఇరుకు సందులో ఇటుక గోడ వేసవి గాలిని ఆపేస్తుంది, కంచె ఆపదు. మొక్కలు రెండు వరసల్లో, ఒకదాని సందులో ఇంకొకటి వచ్చేలా నాటాలి. కింద వెడల్పుగా, పైన సన్నగా కత్తిరిస్తే మొదళ్లు బోసిపోవు. ఇక్కడి ఎర్ర మొరం నేలలో గుంత తవ్వి, పేడ ఎరువు కలిపి పూడ్చక తప్పదు. మూడడుగుల చోటు లేకపోతే దడి మీద తీగే మేలు. లాంటానా మాత్రం వద్దు: అందానికని తెచ్చిన మొక్క అడవుల్నే ఆక్రమించింది. చాటు కట్టుకుంటే ఇరుగుపొరుగు దూరమవుతారన్న మాటా ఉంది. నేను ఒప్పుకోను. పెరట్లో పక్కింటి కళ్లు పడవన్న ధీమా ఉన్న ఇల్లాలే సాయంత్రం వాకిట్లో బెంగాలీ, ఒడియా పొరుగువాళ్లతో తీరిగ్గా కూర్చుంటుంది.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. భాషకు గుర్తింపు వచ్చినా క్వార్టరు నేల ఇప్పటికీ రైల్వేదే. కాబట్టి వానాకాలంలో ఇటు వచ్చే బంధువులారా, కంచెకు నాటడానికి మీ పెరటి గోరింట కొమ్మలు, పెన్సిల్ లావువి, నాలుగు తడిగుడ్డలో చుట్టి తీసుకురండి.